ఫోటోషాప్‌లో యూనికోడ్ తెలుగు: అచ్చుకూ వెబ్‌కూ ఒకే మూలాన్ని ఎలా నిలుపుకోవాలి?

నారాయణగూడ డిజైనర్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను నారాయణగూడలో ఒక చిన్న డిజైన్ స్టూడియో నడుపుతున్నాను. పదిహేనేళ్లుగా 'అను' అనే పాత తెలుగు ఫాంట్లతో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లోనూ బొమ్మలు దిద్దే ఫోటోషాప్‌లోనూ తెలుగు పని చేస్తూ వచ్చాను. ఇప్పుడు ఖాతాదారులు కరపత్రంతో పాటు అదే సమాచారాన్ని వెబ్‌సైటుకూ వాట్సాప్‌కూ అడుగుతున్నారు కాబట్టి, ఈ మధ్య పూర్తిగా యూనికోడ్‌లోకి (అన్ని కంప్యూటర్లూ ఫోన్లూ ఒకేలా గుర్తించే అక్షర సంకేత పద్ధతిలోకి) మారాలని నిర్ణయించుకున్నాను. మారిన మొదటి నెలలోనే మూడు చిక్కులు ఎదురయ్యాయి.

మొదటిది: ఒక కంటి వైద్య శిబిరం కరపత్రానికి పాత పీఎస్‌డీ (ఫోటోషాప్) ఫైలునే తెరిచి, అందులోని అక్షరాల స్థానంలో యూనికోడ్ తెలుగును అతికించాను. 'రాష్ట్రం', 'శస్త్రచికిత్స' వంటి మాటల్లో ఒత్తులు కిందికి దిగకుండా, ప్రతి హల్లు పక్కనా పొల్లు గుర్తుతో విడివిడిగా నిలబడ్డాయి. అదే వాక్యం నోట్‌ప్యాడ్‌లో చక్కగా కనిపిస్తోంది. రెండవది: ఒక మాటను ఎలాగో సరిచేసి ప్రెస్సుకు పంపితే, అచ్చులో చిన్న అక్షరాలు మసకబారి, ఒత్తుల చుట్టూ ఎరుపు, నీలం అంచులు కనిపించాయి. వెయ్యి ప్రతులు మళ్లీ వేయించవలసి వచ్చింది. మూడవది: వెబ్‌సైటు కోసం ఆ కరపత్రాన్నే జేపెగ్‌గా ఇచ్చాను; ఫోనులో చదవడానికి వీలు కావడం లేదని ఖాతాదారు తిప్పి పంపారు.

ఒకే మూలం నుంచి అచ్చుకూ వెబ్‌కూ పని జరిగేలా, మధ్యలో తెలుగు అక్షరం విరగకుండా ఉండే పద్ధతి ఏమిటో అనుభవం ఉన్నవారు వివరించగలరా? ఫోటోషాప్‌ను వదిలి గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు మారితే ఈ ఇబ్బందులు తగ్గుతాయా అన్నది కూడా తెలుసుకోవాలని ఉంది.

చిక్కడపల్లి డీటీపీ జవాబు

మీ మొదటి చిక్కు తెలుగులో డీటీపీ (కంప్యూటర్‌లో పేజీల కూర్పు) చేసే ప్రతివారికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురైనదే. కారణం తెలిస్తే పరిష్కారం సులువుగా అర్థమవుతుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

అను వంటి పాత ఫాంట్లలో తెలుగు అక్షరం అసలు తెలుగుగా దాచబడదు. ఇంగ్లిషు అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో తలకట్టును, గుడిని, ఒత్తును ముక్కలు ముక్కలుగా కూర్చి పెట్టారు. అందువల్ల ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా, తెలుగు గురించి దానికి ఏమీ తెలియకపోయినా, అక్షరం తెర మీద సరిగ్గానే కనిపించేది. 2001లో వచ్చిన 7.0 పేజ్‌మేకర్‌కు చివరి వెర్షన్ అయినప్పటికీ, మన దగ్గర ఇన్నేళ్లు అది నిలవడానికి నా దృష్టిలో ఇదే అసలు కారణం. యూనికోడ్ పద్ధతి దీనికి పూర్తిగా భిన్నమైనది. 'స్త్రీ' అనే ఒక్క అక్షరం యూనికోడ్‌లో స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘమైన గుడి అనే ఆరు గుర్తుల వరుసగా నిలుస్తుంది. ఆ ఆరింటినీ చదివి, ఫాంటు లోపల ఉన్న పట్టికలను సంప్రదించి, ఒకే రూపంగా తీర్చిదిద్దే బాధ్యత సాఫ్ట్‌వేర్‌లోని టెక్స్ట్ ఇంజిన్‌ది. ఆ ఇంజిన్ భారతీయ లిపులకు పనిచేయని అమరికలో ఉంటే మీరు చూసినట్లే పొల్లులన్నీ బయటపడతాయి. నోట్‌ప్యాడ్‌లో ఆ పనిని విండోస్ చేస్తుంది కాబట్టి అక్కడ బాగుంటుంది.

మీ ఫోటోషాప్ 2022 కన్నా పాతదైతే, ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలో టెక్స్ట్ ఇంజిన్ ఎంపికల కింద 'మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్' అన్నదాన్ని ఎంచుకోండి. ఆ మార్పు అప్పటికే తెరిచి ఉన్న ఫైలుకు కాక, తర్వాత సృష్టించే ఫైలుకు వర్తిస్తుందన్న సంగతి చాలామంది గమనించరు. 2022 వెర్షన్ నుంచి అన్ని లిపులకూ కలిపి ఒకే ఇంజిన్ ఉంది కాబట్టి ఈ ఎంపికతో పని లేదు. అయితే పాత పీఎస్‌డీలోని పేరాలు తమ పాత అమరికను వెంట తెచ్చుకుంటాయి. మీ విషయంలో జరిగింది ఇదేనని నా అభిప్రాయం. అక్షరాల పొరను ఎంచుకుని, పేరాగ్రాఫ్ ప్యానెల్ మూలన ఉన్న మెనూలో 'వరల్డ్ రెడీ లేఅవుట్' పెట్టండి; ఒత్తులు అప్పటికప్పుడే కిందికి దిగుతాయి. అప్పటికీ దిగకపోతే పాత పొరను తీసివేసి కొత్త పొరలో అతికించండి. అలాగే అతికించిన తర్వాత ఫాంటు పేరును ఒకసారి చూసుకోండి. పాత ఫాంటు పేరే అక్కడ ఉండిపోతే యూనికోడ్ అక్షరాలు ఆ ఫాంటులో లేనందువల్ల గడులుగానైనా కనిపిస్తాయి, లేదా ఫోటోషాప్ తనంతట తాను వేరే ఫాంటును తెచ్చి పెడుతుంది.

ఏ సాఫ్ట్‌వేర్‌ను నమ్మే ముందైనా నేను ఒక పరీక్షా వాక్యం అతికించి చూస్తాను: 'లక్ష్మి రాష్ట్రంలో జ్యోత్స్న, స్త్రీ, కృష్ణ, ధృతరాష్ట్రుడు'. ఈ వాక్యానికి అర్థం లేదు కానీ, జంట ఒత్తులు, ఋత్వం, క్షకారం అన్నీ ఇందులో ఉన్నాయి. దీనికి 'సాఫ్ట్‌వేర్' అన్న మాటను కూడా కలుపుకోండి. అందులో ట పక్కన వ ఒత్తుగా మారకుండా పొల్లు నిలవాలంటే, కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు మధ్యలో ఉండాలి. కొన్ని చోట్ల నుంచి కాపీ చేసినప్పుడు ఆ గుర్తు జారిపోయి మాట రూపమే మారిపోతుంది. ఖాతాదారు పేరులోనో సంస్థ పేరులోనో అలా జరిగితే ప్రూఫు చూసేవారికి కూడా వెంటనే తట్టదు.

ఇంకొక సలహా ఇవ్వాలి. ఫోటోషాప్ బొమ్మల కోసం పుట్టిన సాఫ్ట్‌వేర్. నాలుగు వాక్యాలు మించిన మ్యాటర్‌ను అందులో కూర్చవద్దు. ఫోటో పని అంతా ఫోటోషాప్‌లో ముగించి, ఆ బొమ్మను పేజీలు కూర్చే ఇన్‌డిజైన్‌లోకి తెచ్చుకుని, అక్కడ పేరాకు వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టి మ్యాటర్ కూర్చుకోండి. పంక్తుల మధ్య దూరాన్ని ఆటో మీద వదిలేయకండి. ఫోటోషాప్‌లో ఆ ఆటో దూరం అక్షర పరిమాణానికి 120 శాతం. అది ఇంగ్లిషుకు సరిపోతుంది కానీ, తెలుగులో పై పంక్తి ఒత్తులు కింది పంక్తి గుడులను తాకుతాయి. నేను 150 శాతం కన్నా తగ్గించను. ఫాంటులో లావు రూపం లేనప్పుడు 'ఫో బోల్డ్' నొక్కి లావు చేయడం కూడా మానుకోవాలి. అలా చేస్తే అక్షరాల్లోని గుండ్రటి ఖాళీలు పూడిపోయి, చిన్న పరిమాణంలో ఏ అక్షరం ఏదో తెలియకుండా పోతుంది.

ఛత్తా బజార్ ప్రింటర్ జవాబు

పైవారు చెప్పినదంతా సరైనదే. మీ రెండవ చిక్కు ప్రెస్సు వైపు నుంచి నాకు బాగా తెలిసినది కాబట్టి దాని గురించి మాత్రమే రాస్తాను.

మీరు ఫైలును ఆర్‌జీబీలో (తెర వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతుల్లో) తయారుచేసి చివర్లో సీఎంవైకేకు (అచ్చు వాడే నాలుగు సిరాలకు) మార్చి ఉంటారు. తెర మీద నలుపు అంటే మూడు రంగుల కాంతీ సున్నా కావడం. దాన్ని ఫోటోషాప్‌లో మామూలుగా ఉండే స్వాప్ అనే అచ్చు రంగుల ప్రొఫైల్ ద్వారా మారిస్తే సయాన్ 75, మెజెంటా 68, పసుపు 67, నలుపు 90 శాతంగా విడిపోతుంది. అంటే మీ నల్లటి అక్షరం నాలుగు ప్లేట్ల మీద నాలుగుసార్లు అచ్చవుతుంది. ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా పెద్ద శీర్షికలో కనిపించదు కానీ, తొమ్మిది పాయింట్ల అక్షరానికి కింద వేలాడే ఒత్తులో మాత్రం ఎరుపు, నీలం అంచులు తేలిపోతాయి. దీనిలో ప్రెస్సువారి లోపం కొంత ఉన్నా, ఫైలులోనే దానికి తావు ఇవ్వకుండా ఉండటం మన చేతిలో ఉన్న పని. చిన్న అక్షరాలకు మిగిలిన మూడు రంగులను సున్నా చేసి నలుపును మాత్రమే 100 పెట్టండి. ఆ నలుపు కింద రంగు నేపథ్యం ఉంటే, నలుపు దాని మీదే అచ్చయ్యేలా ఓవర్‌ప్రింట్ పెట్టమని ప్రెస్సువారికి చెప్పండి. ముదురు ఫోటో మీద తెల్లటి అక్షరాలు వేయవలసి వస్తే పరిమాణం పెంచండి, సన్నని ఫాంటును వాడకండి. నాలుగు రంగుల సిరా అంచుల నుంచి లోపలికి పాకి ఒత్తులను మింగేస్తుంది.

జేపెగ్ పంపవద్దు. జేపెగ్‌లో అక్షరం చుక్కలుగా మారిపోతుంది కాబట్టి 300 డీపీఐలో పంపినా అంచు పదును తగ్గుతుంది. ఫాంట్లు ఇమిడిన పీడీఎఫ్ పంపడం ఉత్తమం. ఇక్కడ చాలా ప్రెస్సుల్లో ఇంకా 'కర్వ్స్ చేసి పంపండి' (అంటే అక్షరాలను గీతల ఆకారాలుగా మార్చి పంపండి) అనే అంటారు. అలా అడిగితే ఇల్లస్ట్రేటర్‌లో అవుట్‌లైన్లుగానో, కోరల్‌డ్రాలో కర్వ్స్‌గానో మార్చి ఇవ్వండి. మార్చే ముందు అక్షరాలతో ఉన్న ప్రతిని వేరే పేరుతో తప్పక దాచుకోండి. కర్వ్స్ చేసిన ఫైలులో ఒక్క అక్షర దోషం దిద్దాలన్నా మళ్లీ మొదటి నుంచి కూర్చవలసి వస్తుంది. శుభలేఖలో ముహూర్తం మారిందని రాత్రి పది గంటలకు ఫోను వచ్చినప్పుడు దీని విలువ తెలుస్తుంది.

మన ఊరిలో తెలుగుతో పాటు ఉర్దూ కూడా వేయవలసిన పనులు తరచుగా వస్తాయి కాబట్టి ఒక మాట చెప్పాలి. వరల్డ్ రెడీ అమరికే కుడి నుంచి ఎడమకు సాగే ఉర్దూకూ పనికివస్తుంది. మా బజారులో ఉర్దూను ఇప్పటికీ ఎక్కువగా ఇన్‌పేజ్ అనే ఉర్దూ సాఫ్ట్‌వేర్‌లో కూర్చి కర్వ్స్‌గా తెస్తారు, ఆ అందం వేరు. కానీ మూడు భాషల కరపత్రం వెబ్‌కు కూడా వెళ్లాలంటే ఉర్దూను కూడా నోటో నస్తాలిక్ వంటి యూనికోడ్ ఫాంటులో ఉంచుకోవడం మేలు. నస్తాలిక్ అనే ఉర్దూ రాత శైలిలో అక్షరాలు పై నుంచి కిందికి ఏటవాలుగా దిగుతాయి కాబట్టి దానికి తెలుగుకన్నా కూడా ఎక్కువ పంక్తి దూరం కావాలి.

మాదాపూర్ వెబ్ డిజైనర్ జవాబు

మూడవ చిక్కుకు నా సూటి సమాధానం ఏమిటంటే, వెబ్‌లో అక్షరాలను బొమ్మలో కలిపి ఇవ్వకండి. కరపత్రాన్ని యథాతథంగా జేపెగ్ చేస్తే ఫోను తెర మీద పేజీ మొత్తం అరచేతి వెడల్పుకు కుదించుకుపోతుంది; వేలితో పెద్దది చేసుకుని పక్కకు జరుపుతూ చదవడం ఎవరికైనా విసుగు. కంటి శిబిరానికి వచ్చేవారిలో చూపు మందగించిన పెద్దవారే ఎక్కువ కదా. అక్షరాలు అక్షరాలుగానే ఉంటే వారు ఫోనులో పరిమాణం పెంచుకోగలరు, ఫోనే చదివి వినిపించగలదు, 'ఉచిత కంటి శస్త్రచికిత్స' అని వెతికినవారికి మీ పేజీ దొరుకుతుంది. యూనికోడ్‌లోకి మారడానికి మీరు పడిన శ్రమకు అసలు ఫలితం ఇక్కడే దక్కుతుంది.

ఫోటోషాప్ నుంచి ఫోటోలను మాత్రమే, అక్షరాల పొరలను మూసివేసి ఎగుమతి చేయండి. ఎక్స్‌పోర్ట్ యాజ్‌లో ఎస్‌ఆర్‌జీబీకి (వెబ్ వాడే రంగుల ప్రమాణానికి) మార్చే గడిని టిక్కు పెట్టండి. అచ్చు కోసం సీఎంవైకే చేసిన ఫైలు నుంచి నేరుగా వెబ్ బొమ్మ తీస్తే రంగులు వెలవెలబోతాయి, కాబట్టి ఆర్‌జీబీలో ఉన్న అసలు ఫోటోనే రెండింటికీ మూలంగా ఉంచుకోవాలి. జేపెగ్ బదులు వెబ్‌పీ ఇవ్వండి. గూగుల్ 2010లో ప్రకటించిన ఈ ఫార్మాట్‌ను 2020లో యాపిల్ బ్రౌజర్ సఫారీ 14 కూడా స్వీకరించింది, 2022 ఫిబ్రవరిలో వచ్చిన 23.2 వెర్షన్ నుంచి ఫోటోషాప్ ఏ ప్లగిన్ లేకుండా నేరుగా దాచగలుగుతోంది.

ఫాంట్ల విషయంలో గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికేవి మనకు చాలానే ఉన్నాయి. శీర్షికకు రామభద్ర, మ్యాటర్‌కు మండలి లేదా నోటో సాన్స్ తెలుగు నేను ఎక్కువగా వాడతాను. వార్తాపత్రికల మ్యాటర్ కోసం రూపొందించిన సురవరం ఫాంటుకు, ఈ నగరంలో గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు పెట్టారు. హైదరాబాదు పనికి దాన్ని వాడినప్పుడు నాకు ప్రత్యేకమైన తృప్తి కలుగుతుంది. ఇవన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో వచ్చినవి కాబట్టి వాణిజ్య పనికీ, వెబ్‌కూ, అచ్చుకూ అదే ఫాంటు వాడుకోవచ్చు. ఎక్కడి నుంచో కాపీ చేసుకున్న ఫాంటుతో పనిచేసి, తర్వాత లైసెన్సు గురించి ఖాతాదారు అడిగితే తడబడవలసిన అవసరం ఉండదు.

ఫాంటును పేజీలో పెట్టేటప్పుడు ఒక ప్రమాదం ఉంది. పేజీ త్వరగా తెరుచుకోవాలని కొందరు ఫాంటు ఫైలును కుదిస్తారు. అలా కుదించేటప్పుడు పైన చిక్కడపల్లి వారు చెప్పిన అక్షర పట్టికలు కూడా కొట్టుకుపోతే, మీ ఫోటోషాప్‌లో జరిగిన ఉపద్రవమే బ్రౌజర్‌లో మళ్లీ జరుగుతుంది. కుదించిన తర్వాత పరీక్షా వాక్యాన్ని తప్పనిసరిగా చూడండి. పంక్తి ఎత్తును అక్షరానికి 1.6 రెట్ల కన్నా తగ్గించకండి. బటన్ల మీద తెలుగు పెట్టినప్పుడు, ఇంగ్లిషు కొలతతో చేసిన ఎత్తులో 'ప్రవేశించండి', 'సమర్పించండి' వంటి మాటల కింది ఒత్తులు కత్తిరించుకుపోతుంటాయి. నేను పరిశీలించిన తెలుగు సైట్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించిన లోపం ఇదే.

మరొక విషయం. 2023 సెప్టెంబరులో ఫోటోషాప్‌లో అందరికీ అందుబాటులోకి వచ్చిన జెనరేటివ్ ఫిల్ (కృత్రిమ మేధతో బొమ్మ భాగాలను నింపే సాధనం) నేపథ్యాలను విస్తరించడానికి నాకు నిజంగా ఉపయోగపడుతోంది. నిలువు ఫోటోను అడ్డం బ్యానరుకు సరిపోయేలా పెంచడానికి ఇంతకుముందు గంట పట్టేది. అయితే ఇటువంటి యంత్రాలు గీసిన బొమ్మల్లో తెలుగు బోర్డులుగానీ అక్షరాలుగానీ వస్తే వాటిని ఒక్కొక్కటిగా చదవనిదే వదలకండి. దూరం నుంచి తెలుగులా కనిపించి, దగ్గరికి వెళితే ఏ అక్షరమూ కాని గీతలు అందులో ఉండవచ్చు. బొమ్మను అక్షరాలు లేకుండా కోరి, తెలుగును మన చేతితో మనం పెట్టుకోవాలి.

నారాయణగూడ డిజైనర్

ముగ్గురికీ కృతజ్ఞతలు. వరల్డ్ రెడీ అమరిక పెట్టగానే ఒత్తులు దిగాయి; కారణం పాత పేరాల అమరికే. నలుపు విషయం చూసుకుంటే నా ఫైలులో సరిగ్గా 75, 68, 67, 90 అనే ఉంది. ఇప్పుడు మరొక ఇబ్బంది వచ్చింది. పదిహేనేళ్ల పాత మ్యాటర్‌ను అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్‌లో వేస్తే తెలుగు చాలావరకు బాగానే వస్తోంది కానీ, మధ్యలో ఉన్న ఇంగ్లిషు మాటలు అర్థం లేని తెలుగు అక్షరాలుగా మారుతున్నాయి. గింప్ గురించి కూడా ఎవరైనా చెబితే బాగుంటుంది.

చిక్కడపల్లి డీటీపీ

పాత మ్యాటర్‌లో తెలుగూ ఇంగ్లిషూ రెండూ ఒకే అక్షర స్థానాల్లో ఉంటాయి, ఫాంటు పేరు మాత్రమే వాటిని వేరు చేస్తుంది. మీరు కాపీ చేసినప్పుడు ఫాంటు పేరు పోయి వట్టి అక్షరాలే మిగులుతాయి కాబట్టి, ఏది తెలుగో ఏది ఇంగ్లిషో కన్వర్టర్‌కు తెలిసే దారి లేదు. మార్చే ముందే ఇంగ్లిషు మాటలను, ఈమెయిల్ చిరునామాలను బయటికి తీసి, వాటి స్థానంలో మూడు చుక్కల వంటి గుర్తు పెట్టుకుని, తర్వాత తిరిగి చేర్చండి. ఫోను నంబర్లను, తేదీలను ప్రతి ఒక్కటినీ అసలుతో పోల్చి చదవాలి. పదిహేనేళ్ల మ్యాటర్ మొత్తాన్ని ఒకేసారి మార్చే పని పెట్టుకోకండి. ఏ పని తిరిగి వస్తే దాన్ని అప్పుడు మార్చి, ప్రూఫు చూసి దాచుకోండి.

ఉప్పల్ నుంచి గింప్ వాడుకరి

నేను ఎనిమిదేళ్లుగా గింప్‌తోనే జీవనం సాగిస్తున్నాను కాబట్టి మొహమాటం లేకుండా రెండు వైపులా చెబుతాను. తెలుగు అక్షరాల కూర్పులో గింప్‌కు ప్రత్యేకమైన అమరిక ఏదీ అవసరం లేదు. అది వాడే పాంగో, హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీలే లైనక్స్ లోకంలో చాలాచోట్ల తెలుగును చూపిస్తాయి; యూనికోడ్ ఫాంటు ఉంటే చాలు, ఒత్తులు వాటంతట అవే కూర్చుంటాయి. 2025 మార్చిలో వచ్చిన 3.0 వెర్షన్ నాకు చాలా కాలంగా ఉన్న రెండు కొరతలను తీర్చింది. ఫిల్టరు వేసిన తర్వాత కూడా దాన్ని ఎప్పుడైనా వెనక్కి వెళ్లి మార్చుకోవచ్చు. ఇంతకుముందు ఒకసారి వేస్తే పొరలో కలిసిపోయేది. తెలుగు శీర్షిక చుట్టూ అంచు గీత వేసినా అక్షరాలు దిద్దుకోవడానికి వీలుగానే మిగులుతాయి.

మీకు ఇబ్బంది కలిగేది అచ్చు పనిలో. గింప్‌లో పని అంతా ఆర్‌జీబీలోనే సాగుతుంది. సీఎంవైకే ఎలా ఉంటుందో తెర మీద చూసుకుని, టిఫ్, జేపెగ్ వంటి వాటిలోకి ఎగుమతి చేసుకోవచ్చు కానీ, ఛత్తా బజార్ వారు చెప్పినట్లు అక్షరాన్ని నలుపు 100గా ఉంచడం అందులో కుదరదు. అందుకే నేను ఫోటోను గింప్‌లో ముగించి, మ్యాటర్‌ను పేజీలు కూర్చే స్క్రైబస్ సాఫ్ట్‌వేర్‌లో కూర్చి పీడీఎఫ్ తీస్తాను. మీ పాత పీఎస్‌డీలను గింప్‌లో తెరిస్తే అక్షరాల పొరలు దిద్దడానికి వీలులేని బొమ్మలుగా రావచ్చు. పదిహేనేళ్ల ఫైళ్లు ఉన్నవారు వెంటనే అన్నీ వదిలి మారాలని నేను సలహా ఇవ్వను. కొత్తగా చేరిన సహాయకుడికి వెబ్ పనులు గింప్‌లో ఇచ్చి చూడండి.

నారాయణగూడ డిజైనర్

ఈ రోజు ఆ కరపత్రాన్ని మళ్లీ చేశాను. ఫోటోలు ఫోటోషాప్‌లో ఆర్‌జీబీగా ఉన్నాయి, మ్యాటర్ ఇన్‌డిజైన్‌లో యూనికోడ్‌గా ఉంది, చిన్న అక్షరాలన్నిటికీ నలుపు 100 మాత్రమే పెట్టాను. ప్రెస్సు నుంచి వచ్చిన ప్రూఫులో 'శస్త్రచికిత్స' అన్న మాటను భూతద్దంతో చూశాను; త ఒత్తు, ర ఒత్తు రెండూ విడివిడిగా, నల్లగా, అంచులు లేకుండా ఉన్నాయి. అదే మ్యాటర్‌ను కాపీ చేసి వెబ్ పేజీలో అతికిస్తే ఒక్క అక్షరం మార్చవలసిన అవసరం రాలేదు. ఉర్దూ భాగం ఇంకా ఇన్‌పేజ్ కర్వ్స్‌గానే ఉంది. దాన్ని నోటో నస్తాలిక్‌లోకి మార్చే పని రేపు మొదలుపెడుతున్నాను. పంక్తి దూరం ఎంత పెడితే కుదిరిందో ఇక్కడే రాస్తాను.